పర్లేదండీ ఇన్‌స్పెక్టరు గారు

ఏలూరులో మా తివాచీల షెడ్డుకు శానిటరీ ఇన్‌స్పెక్టరు గారొకాయన వచ్చేవారు. అద్దకం నీళ్ళు మునిసిపాలిటీ కాలవలో వదలకూడదన్న రూలు ఆయనకు కంఠతా వచ్చు. కొత్తగా కొన్న సెల్లులోంచి ముందురోజే ఫోను చేసి మరీ వచ్చేవారు. ఆ పూట మేం తెల్ల ఉన్ని మాత్రమే కడిగేవాళ్ళం. ఆయన గాజుగ్లాసుతో కాలవ నీళ్ళు ముంచి, ఎండకెత్తి చూసి, “పర్లేదండీ” అనేవారు. స్కూటరు మలుపు తిరిగేసరికి కాలవ ఎర్రబడేది.

ఒక ఆదివారం చేపల మార్కెట్లో కనిపించారు. బొచ్చె మొప్ప ఎత్తి పరీక్షగా చూస్తున్నారు.

“ఎక్కడిదమ్మా?” అనడిగారు అమ్మే ఆవిడని.

“కొల్లేటిదండీ. తెల్లారి పట్టిందే.”

చేపను తిరిగి ఆవిడ బుట్టలోనే పెట్టేశారు.

“బాగానే ఉంది కదండీ,” అన్నాను.

“ఊళ్ళో కాలవలన్నీ అక్కడికే కదండీ పోయేది,” అన్నారు, చెయ్యి రుమాలుకు తుడుచుకుంటూ.

“పర్లేదండీ, తినండి,” అన్నాను.