రెండోసారి మోగని పెట్టె

మా వైపు పెళ్ళిభోజనాల్లో "చాలండి" అన్న మాటకు విలువ లేదు. మొదటిసారి అంటే మొహమాటం అనుకుంటారు. రెండోసారి అంటే నెయ్యి తక్కువైందేమోనని ఇంకో గరిటె వేస్తారు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డంపెట్టి నాలుగోసారి అంటే గానీ వడ్డించే మనిషి ముందుకు కదలడు. దీనిమీద నాకు చిన్నప్పటినుంచీ ఫిర్యాదు ఉంది. వినేవాళ్ళు దొరకలేదు.

గన్నవరం దగ్గర కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, పటమటలో ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాక, అదే ఆచారం వేడిని కొలిచే చిప్పులో కనబడింది. గోరంత ఉంటుంది. హద్దు దాటినట్టు ఒక్కసారి కనిపిస్తే నమ్మదు. వరసగా నాలుగుసార్లు చూసుకుని, అప్పుడు అలారం ఇమ్మని దానికి చెప్పుకోవచ్చు. ఎవరో మూత తీశారనీ, వేడిగాలి తగిలిందనీ గోల చెయ్యదు. వడ్డించేవాళ్ళ కంటే నయం, నెయ్యి వెయ్యదు.

ఆ చిప్పుతో ఒక పెట్టె చేసి, కంకిపాడు అవతల మా అక్కావాళ్ళ ఊళ్ళో బిగించాను. అక్కా బావా వాళ్ళ వరండాలో డెయిరీవాళ్ళ పాల కూలర్ నడిపేవారు. ఊళ్ళోవాళ్ళు పొద్దునా సాయంత్రం వచ్చి పాలు పోస్తారు. కూలర్ వాటిని నాలుగు డిగ్రీలకు దింపుతుంది. మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చి పట్టుకెళ్తుంది. ఆ వేసవి మొదట్లో ఒకరోజు సరిగ్గా చల్లబడలేదని ట్యాంకర్ పాలు తీసుకోలేదు. ఇంకొక్కసారి ఇలా అయితే కూలర్ పక్క ఊరికి మార్చేస్తామని సూపర్‌వైజర్ చెప్పి వెళ్ళాడు. ఆ కూలర్ కోసం అక్క రెండేళ్ళు డెయిరీ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఊళ్ళో తనను ఫలానావారి భార్య అనడం మానేసి కూలర్ మేడం అంటున్నది అది వచ్చాకే.

"పాలు వేడెక్కితే మోగేది ఏదన్నా చెయ్యరా," అంది ఫోన్లో. అంతకు మించి అడగలేదు.

ఏడు డిగ్రీలు దాటితే మోగాలి, ఐదుకు దిగితే ఆగాలి అని పెట్టాను. రెండు అంకెల మధ్యా ఎడం లేకపోతే హద్దు దగ్గర అటూ ఇటూ ఊగుతూ పెట్టెకు ఎక్కిళ్ళు పడతాయి. అది చక్కగా పనిచేసింది. వచ్చిన చిక్కు కూడా అదే. అప్పుడే పిండిన పాలు పోసిన ప్రతిసారీ ఏడు దాటుతుంది. ఐదుకు దిగడానికి గంటన్నర. రోజుకు రెండు పూటలా ఆ గంటన్నరా మోతే. మూడోరోజు బావ దానిమీద తువ్వాలు కప్పాడు. నాలుగోరోజు దుప్పటి.

"ఏవయ్యా బావమరిదీ, ఇది అలారమా, దీనికేవన్నా పూనకం వచ్చిందా? ఒకసారి చెబితే వినేవాళ్ళమేగా!"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. చిప్పులో ఇంకో పద్ధతి కూడా ఉంది. హద్దు దాటితే మోగుతుంది. మనిషి బటన్ నొక్కి ఎన్ని డిగ్రీలో చూడగానే, కబురు అందిందనుకుని ఊరుకుంటుంది. మళ్ళీ ఐదుకు దిగినప్పుడే, చల్లబడిందని చెప్పడానికి మోగుతుంది. ఈ మధ్యలో ముప్పైకి పోయినా నోరు విప్పదు. ఆదివారం వెళ్ళి ఆ పద్ధతికి మార్చాను.

"పాలు పోశాక మోగుతుంది బావా, నొక్కితే ఆగుతుంది. చల్లబడ్డాక ఇంకోసారి. అంతే."

"ఇదీ పద్ధతంటే," అన్నాడు బావ. "చదువుకున్న పెట్టె."

"రెండోది మోగకపోతే?" అంది అక్క.

"మోగుద్దిలే అక్కా," అన్నాను. నా నోట్లో పెసరట్టు ఉంది. అంతకంటే సమగ్రమైన జవాబుకు చోటు లేదు.

రెండు వారాలు ఊరు ప్రశాంతంగా ఉంది. తర్వాత ఒక బుధవారం పొద్దున పాలు పోయడం అయింది, పెట్టె మోగింది, బావ నొక్కి పదకొండు డిగ్రీలని చూశాడు. అక్క ఏదో పనిమీద కంకిపాడు వెళ్ళింది. కాసేపటికి కరెంటు పోయి వచ్చింది. ఫ్యాను దానంతటది తిరిగింది. కూలర్‌కు మాత్రం మళ్ళీ స్విచ్ వెయ్యాలి. రోజూ వేసే బావ ఆ రోజు మర్చిపోయాడు. కరెంటుతోపాటు పెట్టె కూడా ఆగి ఉంటే, వచ్చాక మళ్ళీ మొదటినుంచి మోగేదే. నేను ముందుచూపుతో దానికి బ్యాటరీ పెట్టాను. అందువల్ల అది ఏదీ మర్చిపోలేదు. చెప్పవలసింది చెప్పేశానన్న సంగతి కూడా. రెండో మోత రాలేదు. రాని మోత ఎవరికీ వినబడదు.

ఆ మధ్యాహ్నం ఆ వైపు ఇన్వర్టర్ బిగించడానికి పోతూ, భోజనానికని ఆగాను. అప్పుడే కంకిపాడు నుంచి తిరిగొచ్చిన అక్కా నేనూ వాకిట్లోకి వచ్చేసరికి ట్యాంకర్ మనిషి పాలు గరిటెతో తీసి వాసన చూస్తున్నాడు. ఆ పైన గొట్టంలో పోసి పరీక్ష చేశాడు.

"పనికిరావండి. ఆఫీసుకి చెప్పాల్సిందే, ఏవనుకోకండి," అని ఫోన్ తీసి అరుగు దిగాడు.

"మోగలేదే!" అన్నాడు బావ పెట్టెను చూపిస్తూ. "మోగితే చూసేవాణ్ణి కాదూ?"

నేను బటన్ నొక్కాను. ఇరవై ఆరు. పెట్టె పద్ధతి ప్రకారమే నడుచుకుందని అక్కకు వివరించాను. రెండు పద్ధతులకూ తేడా చెప్పాను. పెళ్ళివడ్డన పోలిక కూడా వాడినట్టు గుర్తు.

ట్యాంకర్ మనిషి తిరిగొచ్చి, "శుక్రవారం వచ్చి కూలర్ తీసుకెళ్తారంటండి," అని నేల వైపు చూస్తూ చెప్పి బండి ఎక్కాడు.

అక్క కూలర్ మూత దించి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"నిన్ను మోగేది చెయ్యమన్నాను. దానికి మొహమాటం నేర్పమన్నానా?"