టీచరమ్మ చిటికెన వేలు

మా ఉప్పుగూడ పాటల టీచరమ్మ పోయారు. మంగళవారం పొద్దున బర్రె పాలు పిండుతుంటే అక్క ఫోన్ చేసి చెప్పింది. బకెట్‌ను ఒక్క తన్ను తన్నాను, పాలన్నీ పేడలో కలిశాయి. దుఃఖమొచ్చినా నాకు ముందు కాలే లేస్తుంది.

స్టేషన్ వెనక గల్లీలో ఆమెది ఒక్కటే గది. హార్మోనియం ముందు పెట్టుకుని ముప్పై మంది పిల్లలకు సరిగమలు నేర్పేవారు. ఆమె కుడిచేతి చిటికెన వేలు వంకరగా ఉండేది. తలుపులో పడి నలిగిందని గల్లీ అంతా అనుకుంటుంది. అబద్ధం. ఆ వేలు విరగ్గొట్టింది నేను. ఆమె ఉన్నన్నాళ్లూ చెప్పనివ్వలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. సాయంత్రం పాలు పిండాల్సిన అక్క పాటలకు పోతోందని, దోస్తులు ఎగతాళి చేస్తున్నారని ఒళ్లు మండి, ఇనుప పైపు పట్టుకుని పోయాను. లోపల అక్క, టీచరమ్మ ఇద్దరే ఉన్నారు. కిటికీ అద్దం పగలగొట్టాను. అడ్డమొచ్చిన అక్కను జుట్టు పట్టి గోడకేసి కొట్టాను. హార్మోనియం మీదికి పైపు ఎత్తితే టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. హార్మోనియం మీటల మీద రక్తం.

"పెట్టె పగిలితే పిల్లలకు ‘స’ యాడికెల్లి తెస్తవ్‌రా?" అన్నారు.

ఆమె తమ్ముడు నన్ను నరుకుతానని కత్తి పట్టుకుని తిరిగితే, తలుపులోనే పడిందని ఒట్టు పెట్టారు. నాలుగో రోజు నాకు కబురు వచ్చింది. తల వంచుకుని పోతే కట్టు కట్టిన చెయ్యి చూపించారు.

"నా వేలు పాయె. తాళానికి నీ వేలు తెచ్చి కూసో."

రెండు నెలలు కూర్చున్నాను. ఆదితాళానికి ఎనిమిది లెక్కలు. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. స, ప కదలవని, మిగతా ఐదూ అటూ ఇటూ జరుగుతాయని అప్పుడే తెలిసింది. తొందరపడి ఉరికితే మొట్టికాయ పడేది. కోపమొస్తే కొట్టు, ఫికర్ లేదు, గని ఎనిమిది లెక్కవెట్టి కొట్టు అనేవారు. అబద్ధమెందుకు, మూడో లెక్కకే చెయ్యి లేచిన రోజులూ ఉన్నాయి. కార్వాన్ బస్తీలో ఒకడి పళ్లు రాలగొట్టాను. కానీ ఇంట్లో ఆడపిల్ల మీద మళ్లీ చెయ్యి పడలేదు. అది ఆమె పుణ్యమే. ఏడాది తర్వాత అక్క నాతో మాట్లాడింది.

నా బిడ్డను కూడా ఆమె దగ్గరే చేర్చాను. ఒకరోజు ఇంట్లో తాళం వేస్తూ చిటికెన వేలు వంకర పెడుతుంటే, సాపుగా పెట్టమన్నాను.

"గిట్లనే పెట్టాలె బాపూ. టీచరమ్మ గిట్లనే పెడ్తది."

నా బిడ్డే కాదు, పిల్లలంతా అంతే. ఆ వంకర కూడా తాళంలో భాగమే అనుకున్నారు.

మంగళవారం నేను పోయేసరికి టీచరమ్మను గల్లీలో పడుకోబెట్టారు. పిల్లలు చుట్టూ కూర్చుని ఆమె నేర్పిన సరిగమలే పాడుతున్నారు. అన్నీ వంకర వేళ్లే. నా బిడ్డ పక్కన కూర్చుని నేనూ తొడ మీద దెబ్బ వేశాను. రెండో లెక్కకు, చిటికెన వేలు దగ్గర, అది నా చెయ్యి చూసింది. తప్పు వేస్తున్నానని, పాట ఆపకుండానే, నా చిటికెన వేలు పట్టుకుని వంచింది.