అత్త విప్పని ముడి

ఈ సంగతి ఇంతకుముందు రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. యాభై దాటినాక రాత్రిబడిలో పలక పట్టుకున్నాను. అకారం నుంచి నా పేరు దాకా రావడానికి ఒక వానాకాలం, నా పేరు నుంచి బస్సు బోర్డు దాకా రావడానికి ఇంకో ఎండాకాలం పట్టింది. అయితే అక్షరాలు వచ్చినాక కూడా చాలా ఏళ్లు ఈ జోలికి పోలేదు. దానికి కారణం మా ఆడబిడ్డ. ఆమెకు చదువు రాదు. నేను ఏది రాసినా పక్కన చేరి, "చదివి చెప్పు వదినా, మా గురించేనా?" అని అడిగేది. ఆమెకు చదివి వినిపించలేనిది రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. ఆమె పోయి ఇప్పటికి రెండు ఉగాదులు దాటాయి.

మొన్న కల్లూరులో మా కొడుకు ఇంట్లో కోడలు కొత్త క్యాలెండరు తెచ్చి వంటింటి గోడకు తగిలించింది. "పాలవాడు రాని రోజు సున్న చుట్టత్తా, ఆ పని నీదే" అంది. మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. కొడుకు ఫోను గంటగంటకూ మోగుతుంది, వాడు దాని నోరు మూయించి మళ్లీ పడుకుంటాడు. మనవరాలు ఏ పూట ఏ పాఠమో కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో గడికి ఒక్కో రంగు పూస్తుంది. రంగులు పూర్తయ్యేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. కోడలికి ఏ లెక్కా అక్కర్లేదు, అన్నీ తలలోనే ఉంటాయి, అందుకే ఆమెకు తలనొప్పి. ఆ పూట సున్న చుట్టబోయి నా వేలు గళ్ల మీదే ఆగిపోయింది. ఒక్క దినం లెక్కలో లేకుండా పోతే ఏమవుతుందో నాకు తెలుసు.

నాది కడప వైపు పుట్టిల్లు. దేశానికి స్వతంత్రం వచ్చి కొన్నేళ్లయినాక, కోసిగి దగ్గరి ఒక పల్లెలో నేతగాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను. వాళ్లు డబ్బులను దుడ్లు అంటుంటే మొదట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఇంట్లో రెండు మగ్గాలు. గుంతలో కాళ్లు పెట్టి మగవాళ్లు నేసేవారు, ఆడవాళ్లం రాట్నం తిప్పి కండెలు చుట్టేవాళ్లం. కండె అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. అది అందకపోతే మగ్గం నిలిచిపోతుంది, మగ్గం నిలిస్తే సంతకు చీర ఉండదు. కాబట్టి ఆ ఇంట్లో పొద్దు చాలా ఖరీదైన సరుకు. అంత ఖరీదైనదాన్ని ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా కొలిచేవాళ్లు.

మా మామకు పంచాంగం ఉండేది. కూడబలుక్కుని చదివేవాడు. దినాలు ఎన్ని గడిచాయన్నది ఆయనకు పట్టదు, గడియ మంచిదా చెడ్డదా అన్నదే కావాలి. సంతకు పోవాలని తలగుడ్డ చుట్టుకుని, చీరల మూట భుజాన వేసుకుని, వర్జ్యం పోయేదాకా అరుగు మీద కూర్చునేవాడు. మంచి గడియ వచ్చి ఆయన బయలుదేరేసరికి సంతకు పోయినవాళ్లు తిరిగి ఎదురొచ్చేవాళ్లు. ఆయన భయస్తుడు. ఏదైనా చెడితే నింద వేయడానికి ఒక గ్రహం అందుబాటులో ఉండాలి ఆయనకు. మా ఇంటాయన అట్లా కాదు, కొత్తది ఏది కనిపించినా మనసు పారేసుకునేవాడు. ఆదోనిలో బట్టల అంగడివాళ్లు ఇచ్చారని రోజుకో కాగితం చింపే క్యాలెండరు తెచ్చి మగ్గం ఎదురుగా మేకు కొట్టాడు. మొదటి వారం పొద్దన్నే స్నానం చేసి, పూజ చేసినట్టు ఒక్కో కాగితం చింపాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. గుర్తొచ్చినప్పుడు పిడికెడు కాగితాలు ఒక్కసారిగా చింపి, ఆ కాగితాల్లో నశ్యం పొట్లాలు కట్టుకునేవాడు. మా గోడ మీద ఉగాది ఊళ్లో ఉగాది అయిపోయిన నాలుగు రోజులకు వచ్చిన ఏడు కూడా ఉంది.

అత్తది దారం. పడుగు కొసల్లో మిగిలిన నూలు ఇంత తీసుకుని, ఎదురుచూసే పని ఏదైనా ఉంటే అన్ని దినాలకు అన్ని ముడులు వేసి చిలక్కొయ్యకు తగిలించేది. తెల్లవారి వాకిట్లో నీళ్లు చల్లి వచ్చి, తడి చేత్తోనే ఒక ముడి విప్పేది. ఆవు ఈనే దినమైనా, అద్దకం రంగులు తెచ్చే సాయిబు వచ్చే దినమైనా అంతే. గడిచిన దినాలను దాచుకునే మనిషైతే రోజుకో ముడి వేస్తుంది. అత్త రాబోయేదాన్ని దగ్గరికి లాక్కునే మనిషి, అందుకే విప్పేది. ఆమె దారం ఎప్పుడూ తప్పలేదు. ఇక నేను. నాకు ఏ లెక్కా లేదు. అడిగితే చెప్పే అత్త ఉండగా నాకెందుకని అనుకునేదాన్ని. ఒకరి మీద వాలిపోవడం నా గుణం. చిన్నప్పుడే తల్లి పోయినదాన్ని, వాలడానికి ఒక భుజం దొరికేసరికి పూర్తిగా వాలిపోయాను.

నేను కడుపుతో ఉన్న ఏడు మా ఆడబిడ్డ కాన్పుకని వచ్చి పుట్టింట్లోనే ఉండిపోయింది. మగబిడ్డ. వాని నాయన బొంబాయిలో బట్టల మిల్లులో పని, పదిమంది ఒకే గదిలో ఉండేవాళ్లు, పెండ్లాన్ని పిలుచుకునే వీల్లేదు. బిడ్డను ఇంకా చూడనే లేదు. ఐదో నెలలో ఆమెను అత్తగారి ఊరికి పంపాలన్నారు. ఈలోగా నేను నిండు నెలలతో ఉన్నాను, నాకా పుట్టింట్లో తల్లి లేదు. "నువ్వు పోతే కండెలు ఎవురు చుడతారు, మీ వదిన కాన్పు కానీ" అని అత్త ఆమెను ఆపింది. ఆడబిడ్డకు నిలకడ తక్కువ. పొద్దెంతయిందో తెలుసుకోవడానికి వాకిట్లో తన నీడను అడుగులతో కొలిచేది, కొలిచిన కాసేపటికే మళ్లీ కొలిచేది. అటువంటిది నా కోసం నోరెత్తకుండా ఉండిపోయింది.

అట్లా ఉండగా బొంబాయి నుంచి మా పల్లె కూలి ఒకాయన తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పాపా, మీ ఆయన చెప్పమన్నాడు. ఆ మిల్లు మూసేసినారు. మేస్త్రి జట్టుతో మద్రాసు మిల్లుకు పోతాండాడు. ఈ దినానికి ఇరవయ్యో దినం, పొద్దన బండిలో కోసిగి మీద పోతాడంట. ఆగేదానికి కాదు, జట్టు వెంబడి పోవల్ల. బిడ్డను ఎత్తుకోని టేసన్ కాడికి రమ్మన్నాడు, ఒకసారి చూసుకుంటాడంట."

ఆడబిడ్డ బిడ్డను పైకెత్తి, "ఇన్నావా, మీ నాయనంట!" అని ఒకటే ముద్దులు. అత్త ఆ మనిషిని అక్కడే నిలబెట్టి, ఆయన లెక్కపెడుతుంటే ఇరవై ముడులు వేసింది. మా ఆయన క్యాలెండరులో ఇరవయ్యో కాగితం మీద బొగ్గుతో గీత గీశాడు. "నీ గీత వచ్చేలోపు నా మనవడు బడికి పోతాడులే" అంది అత్త. అందరం నవ్వాం.

కొన్నాళ్లకు నాకు నొప్పులు మొదలయ్యాయి. ఒక పొద్దు గుంకినప్పుడు మొదలై, మర్నాడంతా ఉండి, ఆ సాయంత్రానికి గానీ కాన్పు కాలేదు. మంత్రసాని ఇక నావల్ల కాదన్నా అత్త కదల్లేదు. నా వెనక కూర్చుని, నా వీపు తన రొమ్ముకు ఆనించుకుని, నేను కొరికిన చెయ్యి కూడా వెనక్కు తీసుకోలేదు. వాకిట్లో నీళ్లు చల్లడానికైనా ఆమె లేచి పోలేదు. బిడ్డ ఏడుపు వినిపించాక ఆమె చేసిన మొదటి పని, గోడకు తల ఆనించి నిద్రపోవడం.

నా పురుడు అయిపోయింది. ముడులు తరుగుతూ వచ్చాయి. ఒక సాయంత్రం మా ఆయన మగ్గం గుంతలోంచే, "రేపు పొద్దన్నే బండి కట్టల్ల. నా గీత వచ్చేసింది" అన్నాడు.

"నీ గీతా!" అంది అత్త. "ఇంకా రెండు ముడులుండాయి చూడప్పా. ఎల్లుండి."

"ఈసారి దినమూ చింపినానమ్మా, నా మాట ఇను."

"నశ్యానికి ఎన్ని చింపినావో ఆ దేవునికి తెలియల్ల."

మామ పంచాంగం తెరిచి, రేపు ప్రయాణం మంచిది కాదు, ఎల్లుండైతే మంచిది అన్నాడు. "రైలు నడిపేది మనం కాదు గదా నాయనా" అన్నాడు మా ఆయన. ఆడబిడ్డ ఇద్దరి ముఖాలూ చూసి, "రెండు దినాలూ పోతానమ్మా. పోతే ఏమైతాది?" అని అడిగింది. నేను లోపలి గదిలోంచి వింటున్నాను. అత్త, "కండెలు ఎవురు చుడతారు పాపా? మీ వదిన బాలింత. సంత దగ్గరికొచ్చె. రేపంతా చుట్టిపెట్టు, ఎల్లుండి నెమ్మదిగా పోదాం" అంది. తల్లి దారం ఎన్నడూ తప్పలేదు, అన్న కాగితాలు ఎన్నడూ నిజం చెప్పలేదు. ఆడబిడ్డ ఒప్పుకుంది.

మర్నాడు పొద్దన ఆమె నా గది గడప పక్కనే రాట్నం వేసుకుని కూర్చుంది. దూరంగా బండి కూత వినపడింది. చక్రం ఆపి, చెవి అటు పెట్టి, "రేపు ఈ బండే వదినా" అని నావైపు తిరిగి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ బండిలోనే ఆయన పోతున్నాడు.

తర్వాతి దినం వాళ్లు స్టేషనుకు పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఎద్దుల మెడలో గంటలు దగ్గరికొచ్చాయి గానీ మాటలు వినపడలేదు. ఆడబిడ్డ లోపలికొచ్చి బిడ్డను నా పక్కలో వేసి గోడవైపు తిరిగి కూర్చుంది. సంగతి మా ఆయన చెప్పాడు. బండి వచ్చింది, ఈమె బిడ్డను ఎత్తి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ప్రతి కిటికీ దగ్గరా పరిగెత్తింది, ఎవరూ లేరు. బండి పోయినాక స్టేషన్లో గంట కొట్టే ఆయన దగ్గరికొచ్చి, "మీరేనా ఆ నేతోళ్లు? నిన్న ఒకాయప్ప దిగి మీ కోసం అంతా ఎతికె. బండి కదిలినంక పరిగెత్తి ఎక్కె. ఇది ఇచ్చిపోయినాడు" అని ఒక పొట్లం చేతిలో పెట్టాడట. దాంట్లో ఎర్ర ఊలు టోపీ ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డకు పట్టేంత టోపీ. బిడ్డ పుట్టిన కబురు విన్న నాటి దగ్గరే ఆయన మనసు ఆగిపోయిందేమో, వీని తల అప్పటికే పెద్దదైపోయింది. ఎంత లాగినా చెవుల దాకా రాలేదు.

"నీ మాట నమ్మితినమ్మా" అంది ఆడబిడ్డ గోడతోనే. "యాడ పోయింది ఒక దినం?"

అత్త చిలక్కొయ్య దగ్గర నిలబడింది. పొద్దన వాళ్లు బయలుదేరేటప్పుడు చివరి ముడి విప్పిన దారం అక్కడే వేలాడుతోంది. వేళ్లతో దాన్ని తడిమి, ఏదో వెనక్కు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలించింది. తర్వాత ఒక్కసారి నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఆమె చూసిన క్షణంలోనే నాకూ తెలిసిపోయింది. నేను "అత్తా, ఆ దినం..." అని లేవబోయాను. "నువ్వు లెయ్యొద్దు, పాలియ్యి" అని గట్టిగా అంది. మిగిలినవాళ్లతో, "వయసైపోయింది. నాకు లెక్క తప్పింది" అంది. "నీ దారం కత అయిపోయిందిలే ఇంక" అన్నాడు మా ఆయన. ఆయన గెలిచింది జన్మలో ఆ ఒక్కసారే, దాన్ని కూడా అట్లా పాడుచేసుకున్నాడు. అత్త దారం తీసి పొయ్యిలో వేసింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె దేనికీ ముడి వేయలేదు. ఆవు ఎప్పుడు ఈనుతుందని ఎవరైనా అడిగితే, "నన్నడగొద్దు" అనేది.

ఆ సాయంత్రం ఆడబిడ్డ మొహం కడుక్కొచ్చి, నా పసివాని తలకు ఆ టోపీ తొడిగింది. సరిగ్గా సరిపోయింది. "మీవానికే పట్టింది వదినా, ఉండనీ" అంది. ఆ మాటలో దెప్పు లేదు. ఉన్నా బాగుండేది. ఆమె బిడ్డ తండ్రిని చూసింది నడక వచ్చినాకే. కొత్త మనిషనుకుని ఏడ్చి, వాళ్లమ్మ కొంగు వెనక దాక్కున్నాడట. ఆమె దాన్ని చివరిదాకా నవ్వుతూనే చెప్పేది. నేను ప్రతిసారీ లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని.

ఆ మర్నాడు పొద్దన అందరికంటే ముందు లేచాను. బాలింత నలభై దినాలు రాట్నం ముట్టకూడదు. నేను బిడ్డను అత్త పక్కలో పెట్టి, ఆడబిడ్డ కూర్చునే చోట రాట్నం ముందు కూర్చుని కండె చుట్టడం మొదలుపెట్టాను. చప్పుడుకు మామ లేచొచ్చాడు. ఆయన ముందు నేను అంతదాకా పెదవి విప్పినదాన్ని కాదు. తల మీద కొంగు సర్దుకుని, చక్రం ఆపకుండానే, "మామా, ఆ దినం అత్త నా కాన్పు కాడ ఉండె. ముడి విప్పలా. ఆ ఒక దినం నా కోసరమే పోయింది. పాపను బిడ్డతో మద్రాసుకు పంపండి, కండెలు నేను చుడతా" అన్నాను. మామ, "ప్రయాణానికి మంచి దినం చూడల్ల" అని పంచాంగం కోసం లోపలికి పోయాడు. అత్త మంచం మీద లేచి కూర్చుని నన్ను చూస్తూ ఉండిపోయింది, లెయ్యమనీ అనలేదు, చుట్టమనీ అనలేదు. నేను చుడుతూనే ఉన్నాను. ఒకరి దినం మనకోసం ఖర్చయిపోతే మన దినాల్లోంచి ఒకటి తీసి ఇచ్చెయ్యొచ్చని అప్పుడు అనుకున్నాను. దినాలు అట్లా చేతులు మారవని తెలియడానికి నాకు ఒక జీవితం పట్టింది.