ప్రాక్టీసు కష్టాలు

రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చే ఆయన్ని పేటంతా సూదిసారు అనేది. చెయ్యి తేలిక. గుచ్చేముందు ఎవరికైనా ఒకటే మాట చెప్పేవాడు: "ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది." చాలామందికి నిజంగానే అంతకుమించి ఏమీ ఉండేది కాదు. ఎప్పుడో ఒకరికి కళ్ళు తిరిగేవి. ఆ ఒకరి గురించి ఆయన ఇంటికొచ్చాక కూడా ఆలోచించేవాడు.

ఆలోచన అంటే మామూలు ఆలోచన కాదు. ఇంట్లో బల్లల అంచులన్నిటికీ స్పాంజి అంటించి పెట్టాడు. ద్రాక్షపళ్ళు గొంతుకి అడ్డుపడతాయని కూతురికి ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు చేసి ఇచ్చేవాడు. పిల్లకి తొమ్మిదేళ్ళొచ్చినా ఆ కోత ఆగలేదు. భార్య బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసేది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా తోసుకునే జనాన్ని అదిలించే మనిషి కాబట్టి మొగుడి భయాలు ఆమెకి ఒక పట్టాన ఎక్కేవి కావు. తాడుని చూసి పామనుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారనీ, పాము కాదని తేలాక ఆ తాడు కాలికి తట్టుకుంటుందేమోనని భయపడేవాడు మాత్రం తనకే దొరికాడనీ తల్లి దగ్గర అనేది.

కూతుర్ని పిట్ట అని పిలిచేవారు. పేరుకే పిట్ట. ఇంట్లో ఉన్నంతసేపూ గలగలా వాగే పిల్ల గడప దాటిందంటే నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఉండిపోయేది. షాపులో పెన్సిలు కావాలన్నా వేలు చూపించేదే తప్ప పెదవి విప్పేది కాదు. నలుగురిలో పడితే మాట వస్తుందని తల్లి తీసుకెళ్ళి స్కౌట్స్‌లో చేర్పించింది.

చేర్పించిన శనివారమే సూదిసారు ఆ హాలు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆటస్థలం పక్కన, రేకుల కప్పుతో, లోపల తడిసిన టెంట్ల వాసన వేసే పాత హాలు అది. దళాన్ని నడిపే ఆవిడ జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి తెల్లబడేదాకా అదే పని చేస్తూ వచ్చింది. చిన్నా పెద్దా అందరికీ పెద్దక్కే. సూదిసారు ఆవిణ్ణి అడగడం మొదలుపెట్టాడు. తాగే నీళ్ళు ఎవరు చూస్తారు? తాళ్ళు పిల్లల మెడలకి చుట్టుకోకుండా ఏం చేస్తున్నారు? తేలు కుడితే? కందిరీగ కుడితే? రెండూ ఒకేసారి కుడితే? పెద్దక్క ఓపిగ్గా అంతా విని, మెడలో ఉన్న విజిల్ తీసి ఆయన మెడలో వేసింది.

"ఇన్ని అనుమానాలున్న మనిషి గుమ్మం బయట నిలబడితే ఎలా బాబూ? లోపలికి రండి" అంది.

అలా ఆయన అడక్కుండానే స్కౌట్ మాస్టరు అయిపోయాడు. అడవిలో నడకకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన మోసిన ప్రథమ చికిత్స సంచి బరువుకి ఆయన నడుమే పట్టేసింది. ఆ సంచిలోని మందులు వాడిన మొదటి రోగీ, ఆ రోజుకి ఆఖరి రోగీ ఆయనే. తిరిగొచ్చేటప్పుడు పిల్లలు వంతులవారీగా సంచిని మోశారు, ఆయన్ని ఇద్దరు పట్టుకున్నారు. అయినా మళ్ళీ శనివారం వచ్చేసరికి యూనిఫాం ఇస్త్రీ చేసుకుని తయారు. ఆయన చూపంతా ఒకదాని మీదే: పిట్ట మెడలోకి స్కార్ఫ్ ఎప్పుడొస్తుందా అని.

స్కార్ఫ్ ఊరికే రాదు. ప్రతిజ్ఞ చేసేముందు బయటివాళ్ళకి ఒక మంచి పని సొంతంగా చెయ్యాలి. చేశాక అందరూ గుండ్రంగా నిలబడినప్పుడు ఏం చేశారో నోటితో చెప్పాలి. ఇంట్లోవాళ్ళకి చేసింది చెల్లదు. "ఇంట్లో చేసేది పని, బయట చేసేది సాయం" అని పెద్దక్క సూత్రం. పిట్టతో పాటు చేరిన పిల్లలందరికీ స్కార్ఫులు వచ్చేశాయి. ఈసారి ప్రతిజ్ఞ చేసే ఆదివారానికి కూడా స్కార్ఫ్ రాకపోతే ఇక మానేస్తానని పిట్ట ఒకరోజు తల్లితో చెప్పేసింది. తల్లి ఆ మాట ఆయన చెవిన వేసింది. ఆయనకి ఆ రోజు అన్నం సహించలేదు. ఇప్పుడు మానేసిందంటే ఈ పిల్ల ఇక వేలు చూపిస్తూనే పెద్దదవుతుంది, రేపు ఒంట్లో బాగోకపోయినా డాక్టరుకి వేలే చూపిస్తుంది అనుకున్నాడు.

అసలు చిక్కేమిటంటే, ఆ పేటలో కష్టాలకి కరువొచ్చింది. దళం నిండా పిల్లలు, స్కార్ఫ్ వచ్చినవాళ్ళతో సహా అందరికీ రోజుకొక మంచి పని కావాలి. శనివారం మధ్యాహ్నం దళం వీధిలోకి వచ్చిందంటే మనుషులు సంచులు వెనక్కి దాచుకునేవారు. చేతికర్ర ఉన్న ముసలాయన ఒకాయన దాన్ని చంకలో పెట్టుకుని చకచకా నడిచిపోయేవాడు. అందరికంటే ఎక్కువ బాధలు పడ్డవాడు ఆటస్థలానికి ఎదురుగా కొట్టున్న వడ్రంగి. తలుపులకి పడ్డ కంతలు పూడ్చడానికి ఆయన దాచుకున్న రంపప్పొట్టుని పిల్లలు శుభ్రంగా ఊడ్చి పారేశారు. తన లెక్క ప్రకారం అమర్చుకున్న మేకులని పొడవు ప్రకారం సర్దారు. చెవి వెనకున్న పెన్సిలు లాగి, చెక్కి చెక్కి గోరంత చేసి మళ్ళీ చెవి వెనకే పెట్టారు. అప్పట్నుంచీ ఆయన పిల్లల్ని చూస్తే చాలు, నాకేం వద్దు నాయనా అని తలుపు దగ్గరగా వేసేవాడు.

మిగతా పిల్లలు చురుగ్గా ఉండి దొరికిన కష్టాన్ని దొరికినట్టు పట్టేసేవారు. పిట్ట వెళ్ళేసరికి ఎక్కడా ఏమీ మిగిలేది కాదు. సూదిసారు ఆలోచించి ఆలోచించి, దొరకనిదాన్ని తయారు చేసుకోవాలి కదా అనుకున్నాడు.

మొదట అత్తగారిని అడిగాడు. ఇంట్లో మనిషే అయినా ముసుగేసుకుంటే ఎవరికి తెలుస్తుందని. ఆవిడకి చిన్నప్పట్నుంచీ నాటకాల పిచ్చి. బత్తాయిలు కింద పడేసుకుని కాస్త అయ్యో అంటే చాలని ఆయన చెప్పాడు. ఆవిడ బత్తాయిలతో పాటు తనూ పడింది. పడి ఊరుకోకుండా, ఈ ముసలిదానికి దిక్కెవరు తండ్రీ అని ఎత్తుకునేసరికి వీధంతా పరుగెత్తుకొచ్చింది. పిట్ట జనం కాళ్ళ మధ్యనుంచి వంగి చూసి, అమ్మమ్మ చెప్పులు గుర్తుపట్టి, సిగ్గుతో ఇంటికి పోయింది.

తరవాత ల్యాబులో రిసెప్షన్ అమ్మాయిని బతిమాలాడు. ఆ అమ్మాయి దారి తప్పినట్టు నటించాలి, పిట్ట చూపించాలి. పిట్ట నోరు తెరిచేలోపే దళంలో అందరికంటే గొంతున్న పిల్ల, కమాండర్ అని పిలుస్తారు దాన్ని, వచ్చి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. వద్దంటున్నా వినకుండా నోటికొచ్చినట్టు చెప్పిన చోటిదాకా నడిపించి, లోపలికి వెళ్ళేదాకా కదల్లేదు. పాపం ఆ అమ్మాయి అక్కణ్ణుంచి రెండు బస్సులు మారి ఇంటికెళ్ళింది.

ఇలాంటివి మరి రెండు మూడు అయ్యాక పిల్లలకి సంగతి తెలిసిపోయింది. కమాండర్ తీర్పు చెప్పేసింది. సారు చుట్టుపక్కల కనిపించేవన్నీ ప్రాక్టీసు కష్టాలు, వాటికి లెక్కలేదు అని.

చివరికి ప్రతిజ్ఞకి ముందురోజు శనివారం రానే వచ్చింది. సూదిసారు ఆఖరి ఉపాయం పన్నాడు. ఆటస్థలం చివర చెక్కబల్ల ఒకటుంది. కూర్చునే పలకల మధ్య ఒకచోట సందు. ల్యాబులోనే రక్తం సీసాలు కడిగే ముసలాయన, ఈ పేటలో ఎవరికీ తెలియని మనిషి, సాయంత్రం వచ్చి ఆ సందులో పాదం ఇరుక్కున్నట్టు కూర్చుంటాడు. పిట్ట ఒక్కతే ఆ వైపు వచ్చేలా చూడాలి. అంతా బాగానే ఉంది గాని, ముసలాయన పాదం నిజంగా ఇరుక్కుంటే? మనిషి మీద చేసే ఏ ప్రయోగమైనా ముందు తనమీద చేసుకుని చూడాలని నమ్మే మనిషి సూదిసారు. చెప్పు విప్పి, బల్లెక్కి, ఆ సందులో పాదం పెట్టి చూశాడు. సుళువుగా దిగింది. పైకి లాగాడు. రాలేదు.

మడమ పలక కింద తట్టుకుంది. లాగినకొద్దీ చీలమండ వాచింది, వాచినకొద్దీ బిగిసింది. ఎలకల బోనులో వెన్న ఎలా ఉందో చూడబోయిన ఎలకకి మల్లే ఆయన ఆ బల్ల మీద ఒంటికాలి మీద నిలబడిపోయాడు. విజిల్ ఊదాడు. ఆపద విజిలంటే ఎలా ఊదాలో ఆయనే నేర్పాడు కాబట్టి పిల్లలు వెంటనే పరుగెత్తుకొచ్చారు. వచ్చి, ఆయన్ని చూసి, నెమ్మదించారు.

"బావుంది సార్, బత్తాయిలకంటే ఇది నయం" అంది కమాండర్.

నిజంగానే ఇరుక్కుందని ఆయన చెప్పాడు. అమ్మమ్మగారు కూడా నిజంగానే అన్నారని వాళ్ళు గుర్తుచేశారు. ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి ఒట్టు కూడా పెడుతున్నారే అని మెచ్చుకున్నారు. ఎలాగూ ప్రాక్టీసే కదా, ఊరికే పోనివ్వడం ఎందుకని సంచిలోంచి కట్లు తీశారు. పాదం బల్ల కింద ఉండిపోయింది కాబట్టి అందేచోట కట్టారు. తలకి ఒక కట్టు, గడ్డం కిందనుంచి ఒక కట్టు, కుడిచేతికి జోలె. ఆయన వాదించడానికి నోరు తెరిస్తే దవడ కట్టు ఇంకా బిగించారు. తరవాత ఒకరి పని ఒకరు పరీక్షగా చూసుకుని, నీళ్ళు తాగడానికి హాల్లోకి వెళ్ళిపోయారు. పెద్దక్క రేపటి జెండా కోసం బజారుకి వెళ్ళింది. సీసాలు కడిగే ముసలాయన రావడానికి ఇంకా చాలా టైముంది. ఫోను చూస్తే యూనిఫాం చొక్కా జేబులో లేదు, హాల్లో చార్జింగులో ఉంది.

అప్పుడొచ్చింది పిట్ట. బల్లకి కాస్త దూరంలో ఆగి తండ్రిని కిందనుంచి పైదాకా చూసింది. తలకట్టు, జోలె, కింద సగం మాయమైన కాలు. నొప్పి అప్పటికి తొడదాకా పాకింది. పిల్ల కళ్ళు పెద్దవి కావడం చూసి ఆయన గుండె జారింది. అందరినీ నమ్మించబోయినవాడు ఆ ఒక్కదాన్ని మాత్రం భయపెట్టలేకపోయాడు. దవడ కట్టు కిందనుంచే నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు.

పిట్ట మొహం మారిపోయింది. వెనక్కి తిరిగి ఒకటే పరుగు.

ఇది కూడా పోయింది, ప్రాక్టీసే అనుకుంది అనుకున్నాడాయన. ఒంటికాలి మీద నిలబడి నానా రకాలుగా ఆలోచించాడు. రక్తం ఆడకపోతే పాదం ఏమవుతుందో చదువుకున్నవాడు కాబట్టి ఆ ఆలోచనలకి తిండి కరువు లేదు. ఒంటికాలి మాస్టరుని దళంలో ఉంచుతారా అనే దాకా వెళ్ళాడు. అంతలో చూస్తే ఆటస్థలానికి అడ్డంగా, చేతిలో రంపంతో, వడ్రంగి వస్తున్నాడు. ఆయన చొక్కా కొస పట్టుకుని ముందు పిట్ట నడుస్తోంది.

వడ్రంగి కూర్చుని, బల్ల కిందకి తొంగి చూసి, ఏం అడక్కుండా పలక కోశాడు. పాదం బయటికొచ్చింది, వంకాయలా ఉంది. తలకేమైందని మాత్రం అడిగాడు. తలకేం కాలేదని సూదిసారు చెప్పాడు. వడ్రంగి కాసేపు ఆ కట్టు వంక చూసి, సరే అని రంపం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళే దారిలో ఆయన కుంటుతూ అడిగాడు, అంతమంది నమ్మలేదు కదా, నీకెలా తెలిసిందీ అని.

"నువ్వు ఏం లేదన్నావు కదా నాన్నా" అంది పిట్ట. "నువ్వు ఏం లేదన్నాకే గుచ్చుతావు."

మర్నాడు ఆదివారం దళమంతా గుండ్రంగా నిలబడింది. సూదిసారు ఒక కాలికి బూటు, ఇంకో కాలికి అత్తగారి ఊలు చెప్పు వేసుకుని నిలబడ్డాడు. పక్కన తల్లిదండ్రుల వరసలో భార్య, అత్తగారు. గోడవారగా వడ్రంగి కొత్త పలక ఆనించి, దాన్ని బల్లకి బిగించడానికి ఇదంతా ఎప్పుడు అవుతుందా అని ఎదురుచూస్తున్నాడు. పిట్ట వంతు వచ్చింది.

"నేనేం చెయ్యలేదు" అంది పిట్ట. గొంతు వణికింది గాని ఆగలేదు. "మా నాన్న కాలు తీయించాను. ఇంట్లోవాళ్ళది లెక్కలోకి రాదు."

ఆ హాల్లో ఆ పిల్ల మాట్లాడడం అదే మొదటిసారి. అయినా సూత్రం సూత్రమే. పెద్దక్క తల పంకించి, నిజం చెప్పావమ్మా అని, తరవాతి పిల్లవాడి వైపు తిరగబోయింది. నిన్న సారుకి కట్లు కట్టిన కమాండర్ తల దించుకుంది. అప్పుడు గోడవారనుంచి దగ్గు వినిపించింది.

"నాదొక మాట ఉందండీ" అన్నాడు వడ్రంగి. "ఈ పిల్ల నా తలుపు కొడితే, నాకేం సాయం అక్కర్లేదు వెళ్ళు తల్లీ అన్నా. వెళ్ళదే. గుటకలు మింగి మింగి, చివరికి ఏమందో తెలుసా? నాకు కావాలి, అంది."

పెద్దక్క ఆయన వైపు తిరిగింది.

"మీ పిల్లలంతా కలిసి నన్ను చేతకాని ముసలాణ్ణి చేసి కూర్చోబెట్టారు. ఊడుస్తారు, సర్దుతారు, మోస్తారు. నా చేత ఒక పని అవుతుందని తలిచి వచ్చింది ఇదొక్కతే. నిన్న ఇంటికెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పుకున్నాను. నేను బయటివాణ్ణే కదా? మరి నాకు జరిగింది సాయం కాదంటారా?"

పెద్దక్క కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. సూత్రాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసినట్టు చాలాసేపు ఆలోచించి, సాయం పొందినవాడే పొందానంటుంటే కాదనడానికి నేనెవర్ని అంది. స్కార్ఫ్ తీసి సూదిసారు చేతికిచ్చింది, మీరే కట్టండి అని.

ఆయన పిట్ట ముందు వంగాడు. బిగిస్తే గొంతు నొక్కుకుంటుందేమో, వదులైతే ఎక్కడైనా తగులుకుంటుందేమో. ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. రోజూ ఎంతోమంది నరాలు వెతికే ఆ వేళ్ళకి ఒక గుడ్డ ముడి అందలేదు. వెనకనుంచి అత్తగారు ఏడవడానికి సిద్ధంగా ముక్కు చీదుతోంది.

"ఏం లేదు నాన్నా" అంది పిట్ట చిన్నగా, ఆయన చెయ్యి పట్టుకుని. "చీమ కుట్టినట్టుంటుంది."

ఆ తరవాత శనివారం వడ్రంగి కొట్టు ముందు పిల్లలు వరస కట్టారు. ఈసారి సాయం చెయ్యడానికి కాదు, అడగడానికి. విరగని బొమ్మలు కూడా విరగ్గొట్టుకుని తెచ్చారని ఆయన ఇప్పటికీ విసుక్కుంటాడు గాని, తలుపు మాత్రం వెయ్యడు. సూదిసారు ఇంకా స్కౌట్ మాస్టరే, సంచి ఇంకా అంతే బరువు. ఆటస్థలం చివర బల్లకి ఒక పలక మిగతావాటికంటే తెల్లగా ఉంటుంది. శనివారం సాయంత్రాలు ఆయన అక్కడే కూర్చుని, కాళ్ళు రెండూ పైన పెట్టుకుని, పిట్ట ఎవరితోనో పోట్లాడుతుంటే వింటూ ఉంటాడు.