విమానం దిగనీ

మా ఆయన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, కొత్తలో గర్వంగా చెప్పేదాన్ని, విమానాశ్రయంలో ఫైరింజను డ్రైవరని. తర్వాత్తర్వాత 'విమానాశ్రయంలో' అని ఊరుకునేదాన్ని. ఎందుకంటే వెంటనే రెండో ప్రశ్న వచ్చేది, అక్కడ ఎప్పుడైనా మంటలు లేచాయా అని. లేవలేదు. ఆ సంగతి చెప్పగానే ఎదుటివాళ్ల మొహాన ఒక నవ్వు. మా వీధిలోవాళ్లు ఆయనకు 'నీళ్లబండి బావ' అని పేరు పెట్టారు. వరస కలవనివాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు.

విమానం దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ ఫైరింజను నిండు ట్యాంకుతో, ఇంజను ఆడుతూ, రన్‌వే పక్కన సిద్ధంగా ఉండాలి. అది లేకపోతే విమానం దిగడానికి వీల్లేదు, వెనక్కి తిరిగిపోవాల్సిందే. దాంతో మా సంసారంలో ఏ పనైనా విమానం దిగాకే. "విమానం దిగనీ, వచ్చేస్తాను" అనేవారు. పెద్దమ్మాయి పుట్టిన రోజున ఆయన ఆస్పత్రికి వచ్చేసరికి పిల్ల ఒక నిద్ర తీసి లేచింది. మా తమ్ముడి పెళ్లికి వెళ్లేసరికి కుర్చీలు మడుస్తున్నారు. మా తమ్ముడు ఆ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

మేం కాపురం పెట్టిన రోజుల్లో దాన్ని విమానాశ్రయం అంటే నవ్వొచ్చేది. పశువులు మేసే బీడును చదును చేసి, పక్కన ఒక రేకుల షెడ్డు వేశారు. వారానికి రెండుసార్లు ఒక బుల్లి విమానం వచ్చేది. అది వచ్చే ముందు మా ఆయన హారన్ కొట్టుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు బండి నడిపి, కుక్కల్నీ దూడల్నీ తోలేవారు. విమానం చిన్నది కాబట్టి బరువు మించకూడదని, ప్రయాణికుల్ని కూడా బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి తూచేవాళ్లు. ఒకావిడ పదిమంది ముందు కాటా ఎక్కేది లేదని భీష్మించుకుని కూర్చుని, చివరికి టికెట్టు వదులుకుని బస్సులో వెళ్లింది. నేనైనా అదే పని చేసేదాన్ని.

తర్వాత సిమెంటు రన్‌వే వచ్చింది. షెడ్డు తీసేసి ఫ్యాన్లున్న హాలు కట్టారు. రోజూ మధ్యాహ్నం ఒక విమానం రావడం మొదలైంది. కంచె వెంట రోడ్డు పడింది, రోడ్డు వెంట దుకాణాలు వెలిశాయి. వాటిలో ఒకటి నా కుట్టుపని షాపు. మా అక్క ఇచ్చిన పాత మిషనుతో మొదలుపెట్టి, ఆ సంపాదనతోనే రెండోది కొనుక్కున్నాను. బయట బోర్డు మీద నా పేరు రాయించాను. పెళ్లయ్యాక నా పేరు రాసి ఉన్న వస్తువు అదొక్కటే. వెనక కిటికీలోంచి చూస్తే కంచె, కంచె అవతల ఫైరింజను, దాని అద్దాలు తుడుస్తూ మా ఆయన. ఆ బండికి జరిగిన ముచ్చట నాకు ఏనాడూ జరగలేదు.

నా పక్కది పరుపుల దుకాణం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అందులో వైర్లు కాలి మంట లేచింది. దూదీ స్పాంజీ, అంటుకోవడానికి ఎంతసేపు? అందరం రోడ్డు మీదికి వచ్చేశాం, లోపల ఎవరూ లేరు. మంట ఇంకా నా గోడ దాటలేదు. ఊళ్లో ఫైరింజనుకు కబురు వెళ్లింది గానీ, అది ఊరంతా దాటుకుని రావాలి. ఇక్కడ చూస్తే, పిలిస్తే పలికేంత దూరంలో, నిండు ట్యాంకుతో మా ఆయన. విమానం వచ్చే వేళ కావడంతో అప్పటికే బండి స్టార్టు చేసి సీట్లో కూర్చుని ఉన్నారు.

నేను పరుగెత్తుకెళ్లి కంచె పట్టుకున్నాను.

"ఏవండీ, మన షాపు. గేటు తీయించుకుని తొందరగా రండి."

ఆయన తల బయటపెట్టారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "విమానం దగ్గరికొచ్చేసింది. ఇప్పుడు నేను కదలకూడదు."

"అది వెనక్కెళ్లి రేపొస్తుంది. నా షాపు రేపొస్తుందా?"

"అందులో మనుషులున్నారే. విమానం దిగనీ, వచ్చేస్తాను."

ఆ మాట నోట్లో ఉండగానే నా వెనక షాపు కప్పు రేకులు పేలిన చప్పుడైంది.

విమానం వచ్చింది. కానీ అప్పటికి గాలి తిరిగి పొగంతా రన్‌వే మీద కమ్ముకుంది. విమానం కిందికి వచ్చి, ఏమీ కనబడక మళ్లీ లేచింది. ఒక చుట్టు తిరిగి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ పొగ పరుపులదీ నా షాపుదీ. ఆయన వచ్చి ఆర్పి ఉంటే లేచేది కాదు. విమానం వెళ్లిపోయాక ఆయన గేటు తీయించుకుని వచ్చి, ట్యాంకులో నీళ్లన్నీ బూడిద మీద కొట్టారు.

ఆయన చేసింది రూలు ప్రకారమే అన్నారు పైవాళ్లు. నిజమే. తప్పు చేసిన మనిషితో పోట్లాడొచ్చు, తిట్టొచ్చు, పుట్టింటికి పోవచ్చు. రైటు చేసిన మనిషితో ఏం పోట్లాడతాం? నేను ఇంటి వసారాలో అద్దె మిషను పెట్టుకుని మళ్లీ కుట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. 'విమానం దిగనీ' అనడం మాత్రం ఆయన మానేశారు. "ఆలస్యమవుతుంది" అని వెళ్లిపోయేవారు. నేను ఆయన నుంచి క్షమాపణ కూడా కోరలేదు. అలా జరిగిందని ఆయన నోటితో ఒక్కసారి అంటే చాలనుకున్నాను. ఏళ్ల తరబడి అదే కాచుకుని ఉన్నాను.

కొన్నాళ్లకు విమానాల కంపెనీ మూతపడింది. రన్‌వే మీద ఊళ్లోవాళ్లు కారు నేర్చుకునేవాళ్లు. అయినా ఈయన రోజూ వెళ్లి బండి స్టార్టు చేసి, పంపు చూసి వచ్చేవారు. "ఎవరికోసం?" అంటే, "వాడకపోతే పాడైపోతుంది" అనేవారు. మళ్లీ కొన్నేళ్లకు పైవాళ్లకు ఈ ఊరు గుర్తొచ్చింది. రన్‌వే పొడుగు పెంచారు, అద్దాల భవనం కట్టారు, విమానాలు వరసకట్టాయి. మా షాపులున్న వరస మొత్తం కార్లు నిలిపే స్థలమైపోయింది. కొత్త ఫైరింజన్లు, కొత్త కుర్రాళ్లు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నాకు చూపు మందం.

పోయిన నెల ఆయన రిటైరయ్యారు. అద్దాల భవనంలోనే సభ. జీవితంలో ఏ చోటికీ వేళకు రాని మనిషికి గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. నాకు నవ్వడానికి కూడా ఓపిక లేదు. ఈ మధ్యే వచ్చిన పెద్దాఫీసరు మైకు పట్టుకుని, "వీరి సర్వీసు మొత్తంలో ఇక్కడ ఒక్క అగ్నిప్రమాదం కూడా జరగలేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

"నాలుగు మాటలు చెప్పండి" అని మైకు ఆయనకిచ్చారు.

"ఒకటి జరిగింది సార్" అన్నారాయన. "కంచె అవతల. ట్యాంకు నిండుగా ఉంది. మా ఆవిడ కంచె పట్టుకుని పిలిచింది. నేను వెళ్లలేదు. ఆ విమానం కూడా దిగలేదు" అని మైకు ఇచ్చేశారు.

ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. ఆఫీసరు ఏమీ అర్థంకాక నవ్వాడు. నేను పమిట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

సభ అయ్యాక కార్ల మధ్య నుంచి నడిచి వస్తున్నాం. ఆయన చంకలో గడియారం. నా షాపు ఉన్న చోటు ఏ కారు కిందుందో నాకు తెలుసు. అక్కడికి వచ్చేసరికి పైన విమానం చప్పుడైంది. ఆయన టక్కున ఆగి ఆకాశంలోకి చూశారు. ఇక అది తన పని కాదని గుర్తొచ్చినట్టుంది, తల దించుకుని మళ్లీ నడవబోయారు.

నా కోపం పోలేదు. మోసి మోసి అలిసిపోయాను, అంతే. ఆయన చంకలోంచి గడియారం నేను తీసుకున్నాను.

"ఆగండి" అన్నాను. "విమానం దిగనీ."

ఇద్దరం కంచె పట్టుకుని నిలబడ్డాం. అది దిగింది.