అమ్మ నోట రాని మాట

మార్చి నెలలో గుంటూరు దాటి మా ఊరి వైపు బస్సులో వెళుతుంటే, రోడ్డు పక్క కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీల్లోంచి కొట్టి, బస్సంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతారు. నాకు మాత్రం తుమ్ముకంటే ముందు మా పద్మక్క గుర్తొస్తుంది.

తొంభైల చివర, మార్టూరు దగ్గర మా పల్లె. బడి వదలగానే సంచులతో సహా కళ్ళానికి పరిగెత్తేవాళ్ళం. అక్కడ అమ్మా, కూలికొచ్చిన ఆడవాళ్ళూ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎర్రటి రాశుల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుండేవాళ్ళు. మేము బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, ఆ రోజు నేర్చుకున్న ఇంగ్లీషంతా వాళ్ళమీద ఒలకబోసేవాళ్ళం. ఆ ఏడు కొత్తగా వచ్చిన టీచరు అందానికి బోలెడు మాటలు నేర్పింది. చంటిపిల్లలూ కుక్కపిల్లలూ క్యూట్. చూడగానే బాగుందనిపించి కాసేపటికి మరిచిపోయేది ప్రెట్టీ. మనసుకు దగ్గరగా వస్తే లవ్లీ. నోట మాట రాకుండా నిలబెట్టేస్తే, అది బ్యూటిఫుల్. ఇక మేం ఆగుతామా? మా గేదెదూడ క్యూట్, మీసాల పెదనాన్న హ్యాండ్సమ్. అక్కది ఏ మాటో మాత్రం తేలలేదు. పదమూడేళ్ళ పిల్ల, అది అమ్మ నోటే వినాలని పట్టుబట్టింది.

"అమ్మా, నేను ప్రెట్టీనా, బ్యూటిఫులా?" అని జడ వేయించుకుంటూ అడిగింది, రెండిటికీ అర్థం చెప్పి మరీ.

"తిన్నగా కూర్చోవే, పాపిడి వంకరపోతంది," అంది అమ్మ.

మా ఇంట్లో పిల్లల్ని అందంగా ఉన్నారనకూడదు. కన్నతల్లి దిష్టి అన్నిటికన్నా చెడ్డదని అమ్మ భయం, ఎంత ముస్తాబైనా "బాగానే ఉందిలే" దగ్గర ఆగిపోయేది. బడి వార్షికోత్సవానికి అక్క మెరూన్ పట్టుపావడా కట్టుకుంటే టీచరు బ్యూటిఫుల్ అందట. అది విన్న అమ్మ గబగబా ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఎవరికీ దగ్గు రాలేదు. "చూశారా, ఎంత దిష్టో!" అని వణికిపోయింది. అక్కకు అదేం పట్టలేదు.

"నువ్వెప్పుడంటావమ్మా?" అంది.

ఆ వానాకాలం అక్కకు విషజ్వరం వచ్చింది. ఊళ్ళో సూదులతో నాలుగు రోజులు గడిచాయి, చీరాల ఆసుపత్రికి చేర్చేసరికి చేయి దాటిపోయింది. ఇంటికి తెచ్చి, పసుపు రాసి స్నానం చేయించి, ఆ పట్టుపావడాయే కట్టారు. అమ్మ, వచ్చిన ప్రతివాళ్ళనీ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"చూడండమ్మా, ఎంత అందంగా ఉందో నా తల్లి! కళ్ళారా చూడండి. ఇంకెవరి దిష్టీ తగల్దు."

ఇప్పుడా కళ్ళం లేదు, ప్లాట్లు వేశారు. బడి మూతపడింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మా అమ్మాయి తల దువ్వుకుని ఎదురొస్తే చాలు, "ఎంత అందంగా ఉన్నావే!" అంటుంది, రోజుకు పదిసార్లు. దిష్టి తీయడం ఏనాడో మానేసింది. భయం వెయ్యదా అని మొన్న అడిగాను.

"నోరు కట్టేసుకుని నేను కాపాడుకుందేముందే?" అంది. "అనుంటే, ఆ మాట వినన్నా పోయేది."