ఒతీలియా దూడలకు పోసిన మంచిపాలు

మా సాంతా ఫే రాష్ట్రపు పాలదొడ్లలో దూడను పుట్టిన రోజే తల్లి నుంచి విడదీస్తారు. దాన్ని సాకేది ఆడమనిషి. మా దొడ్లో ఆ పని ఒతీలియాది. నోట్లో వేలుపెట్టి పాలు తాగడం నేర్పి, పద్దెనిమిదేళ్లలో ఎన్ని దూడలను నిలబెట్టిందో ఆమెకే తెలియదు. ఉండడానికి గది కూడా ఆ పనితోపాటు ఇచ్చిందే.

ఆ చలికాలం దూడలకు తెల్లపారుడు, అదే తెల్లటి విరేచనాల జబ్బు, తగులుకుంది. వారంలో తొమ్మిది పోయాయి. యజమాని దొన్ ఎవారిస్తో పాక గుమ్మంలో నిలబడి, "నెలాఖరుకి చావులు ఆగకపోతే మూట సర్దుకో" అన్నాడు.

పశువుల డాక్టరమ్మ ఒక పొడి ఇచ్చింది. "ఇందులో మేలు చేసే బ్యాక్టీరియా ఉందమ్మా. ప్రాణంతో ఉంటేనే పనిచేస్తుంది. పేగుల్లో కుదురుకుని చెడ్డదానికి చోటివ్వదు. పుట్టిన రోజు నుంచే పాలల్లో కలుపు. వేడిపాలల్లో మాత్రం వద్దు."

ఒతీలియా మోచేతి మీద పాలచుక్క వేసుకుని వేడి చూసి మరీ కలిపింది. అయినా ఇంకో మూడు పోయాయి.

"అది మందు కాదురా, బూడిద!" అని నా ముందు ఏడ్చింది.

నేను పాలు పితికేవాణ్ణి. అప్పుడు పొదుగువాపు ఆవు పాలు ఆమె బకెట్లో పోస్తున్నాను. సూదిమందు పడిన ఆవు పాలు పాలకంపెనీ లారీ ఎక్కవు. పారబోయడానికి మనసొప్పదు. అందుకని దూడలకు పోస్తాం, మా తాతల నాటి నుంచీ అంతే.

"దీనికి సూది ఎప్పుడేశారు?"

"నిన్ననే అక్కా."

"ఓరి దేవుడా! ఆ మందు బ్యాక్టీరియాని చంపేదే కదరా! ప్రాణమున్నదాన్ని తెచ్చి విషంలో కలుపుతున్నానా ఇన్నాళ్లూ?"

పరుగున వెళ్లి యజమానికి చెప్పింది. ఆయన గొట్టంతో మాతే ఆకు టీ పీల్చుకుంటూ నవ్వాడు. "మంచిపాలు లారీకి. దూడలకి రుచులు కూడానా?"

తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రోజూ రెండు బకెట్లు మంచిపాలు పొయ్యరా, నీకు పుణ్యముంటుంది."

పోశాను. కొత్తగా పుట్టిన ఆరు దూడలకు ఆ పాలల్లోనే పొడి కలిపి పట్టింది. నెలాఖరుకు ఆరూ తోకలెత్తి గంతులు వేస్తున్నాయి.

ఆ రోజే యజమాని మమ్మల్ని పాక ముందు నిలబెట్టాడు. "లారీకి పాలెందుకు తగ్గాయి? ఎవరు తీశారు?"

నేను ఒతీలియా వెనక్కి జరిగాను.

"నేనే తీశాను. వీడికేం తెలీదు" అంది ఒతీలియా. "ఆ దూడల్ని చూడండయ్యా, ఒక్కటైనా చచ్చిందా?"

"దూడలు బతికితే దొంగ దొరసాని అయిపోతుందా? నడువు!"

మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయింది. మర్నాడు యజమాని హుకుం: దూడలన్నిటికీ మంచిపాలే, అందులోనే ఆ పొడి. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ తన ఉపాయమని చెప్పుకుంటాడు, సిగ్గులేని మనిషి!

సిగ్గు మాట నేనెత్తకూడదు. దూడల పని నా భార్యకిచ్చారు. ఒతీలియా ఖాళీ చేసిన గదిలో మేముంటున్నాం. ఆమె ఎక్కడుందో ఇంతవరకు ఎవరినీ అడగలేదు. అడగడానికి నాకు మొహమేది?